మీకు తెలుసా? పాతబస్తీలో సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు

ఫోన్ పైమూలన గీతలు నాలుగుకు నాలుగూ నిండుగా కనిపిస్తున్నా నెట్ నడుస్తుందన్న హామీ లేదు. ఆ గీతలు చెప్పేది ఒక్కటే, టవర్ నుంచి వచ్చే సంకేతం మీ ఫోన్‌కు ఎంత బలంగా అందుతోందో. అదే టవర్ మీద అప్పటికే ఎంతమంది ఉన్నారో, మీ వంతుకు ఏం మిగిలిందో అవి చెప్పవు. రంజాన్ నెలలో రాత్రి పదకొండింటికి చార్మినార్ దగ్గర ఫోన్ తీస్తే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. గీతలు నిండుగా ఉంటాయి, పక్కన 5జీ అనే ముద్ర కూడా ఉంటుంది, తెర మధ్యలో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. లాడ్‌బజార్‌లో గాజుల ఫోటో తీసి "ఈ రంగు తీసుకోనా?" అని ఇంటికి పంపితే, జవాబు వచ్చేసరికి ఆ జత ఇంకొకరి చేతికి ఎక్కేసి ఉంటుంది.

పాతబస్తీ వాళ్లు దీన్ని "నెట్ నై చల్‌రా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మీ ఏరియాలో కవరేజ్ బాగానే ఉంది సార్" అంటారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ చెప్పేది నిజమే. కవరేజ్ ఉంది, కెపాసిటీ చాలడం లేదు. ఈసారి తునకలన్నీ ఈ రెండింటి మధ్య తేడా గురించే.

ఒకటే దేగ్, ఎన్ని గిన్నెలు?

4జీలో ఒక కంపెనీ 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ వాడితే, మామూలు రెండు యాంటెన్నాల పద్ధతిలో కాగితం మీద వచ్చే గరిష్ఠ వేగం సెకనుకు 150 మెగాబిట్లు. ఇది ఒక్క ఫోన్‌కు కాదు, టవర్ మీద ఒక దిక్కుకు తిప్పిన యాంటెన్నా కింద ఉన్నవాళ్లందరికీ కలిపి. దూరం, గోడలు, పక్క టవర్ల గోల అన్నీ పోను చేతికొచ్చేది అందులో కొంతే. అయినా కంపెనీ మీద దయతలచి 150నే పట్టుకుందాం. ఆ దిక్కున 300 మంది ఒకేసారి వీడియో తెరిస్తే తలా అర మెగాబిట్. యూట్యూబ్‌లో 360పీ బొమ్మ ఆగకుండా ఆడాలంటే 0.7 మెగాబిట్లు కావాలి, ఫుల్ హెచ్‌డీకైతే 5. అంటే మసక బొమ్మ కూడా ఆగి ఆగి నడవాల్సిందే. హలీమ్ దేగ్ ఎంత పెద్దదైనా ఒకటే దేగ్, గిన్నెలు పెరిగేకొద్దీ గరిటె చిన్నదవుతుంది. ఒక తేడా ఉంది. హలీమ్ అయిపోతే హోటల్ వాళ్లు అయిపోయిందని చెప్పి పంపేస్తారు, టవర్ మాత్రం ఎంతమంది వచ్చినా రమ్మంటూనే ఉంటుంది.

ఈ పంపకం ఎంత చకచకా జరుగుతుందో తెలుసా? ఆ 20 మెగాహెర్ట్జ్‌ను వంద ముక్కలు చేసి, ఎవరికి ఎన్ని ముక్కలు ఇవ్వాలో సెకనులో వెయ్యోవంతుకు ఒకసారి నిర్ణయిస్తుంది టవర్ దగ్గరి యంత్రం. అడ్డం లేకుండా దగ్గరగా ఉన్న ఫోన్ ఒక్కో ముక్కలో ఎక్కువ సమాచారం అందుకుంటుంది. గల్లీ లోపల మూడు గోడల వెనక ఉన్న ఫోన్‌కు అదే ఫోటో చేరాలంటే అంతకు ఎన్నో రెట్లు ముక్కలు ఖర్చవుతాయి. కాబట్టి మొగల్‌పురా లోపలి ఇంట్లో సిగ్నల్ బలహీనంగా ఉంటే బాధ ఆ ఇంటివాళ్లకే పరిమితం కాదు. అదే యాంటెన్నా కింద రోడ్డు మీద నిలబడ్డవాడి వాటా కూడా తగ్గుతుంది.

వీడియో చూడటం కంటే పంపడం ఇంకా కష్టం. టవర్ పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. మామూలు 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపగలిగేది వాటులో ఐదోవంతు. జనం మధ్యలోంచి లైవ్ పెట్టాలని చూసే కుర్రాళ్ల తెరలు అందుకే గడ్డకట్టుకుపోతాయి. కింద ఎవరో "భాయ్, ఆవాజ్ నై ఆరై" అని కామెంట్ పెడతారు, ఆ కామెంట్ కూడా పావుగంట తర్వాత వస్తుంది.

2014 మార్చిలో మన దేశంలో ఒక చందాదారు నెలకు సగటున వాడిన మొబైల్ డేటా 61.66 ఎంబీ. ఇప్పుడు ఒక పెళ్లి వీడియో క్లిప్పుకు కూడా అది చాలదు. 2024 మార్చికి ఆ సగటు 20 జీబీ దాటింది. మూడొందల రెట్లకు పైమాటే. అదే పదేళ్లలో జీబీ ధర సుమారు రూ.269 నుంచి రూ.9 దగ్గరకు పడిపోయింది. ఈ మలుపులో ముఖ్యమైన తేదీ 2016 సెప్టెంబర్ 5, జియో మొదలైన రోజు. డేటా వాడకం పెరిగినంతగా టవర్లు పెరగలేదు. 2019 డిసెంబర్‌లో కేంద్రం ప్రకటించిన నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి, ప్రతి వెయ్యి మందికి 0.42గా ఉన్న టవర్ల సంఖ్యను 1కి చేర్చడం. వెయ్యి మందికి సగం టవర్ కూడా లేని రోజుల్లోనే మనకు రోజుకు ఒకటిన్నర జీబీ అమ్మారన్నమాట.

రద్దీ తేదీలు ముందే తెలుసు

పాతబస్తీ రద్దీ ఆకస్మికంగా వచ్చేది కాదు. రంజాన్ నెలంతా రాత్రి బజార్లు సెహ్రీ వేళ దాకా సాగుతాయి. ఆ నెల చివరి శుక్రవారం, జుమాతుల్ విదా నాడు మక్కా మసీదు నిండి నమాజు వరుసలు రోడ్ల మీదికి వస్తాయి. మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయల్దేరి చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు. భాద్రపదంలో బాలాపూర్ గణేశుడు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్, మదీనా, అఫ్జల్‌గంజ్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు ఊరేగింపుగా వెళతాడు. మిలాద్ ఊరేగింపు సరేసరి.

ఇలాంటి సందర్భాల కోసమే లారీ మీద కట్టిన తాత్కాలిక టవర్లు ఉన్నాయి. వాటిని సెల్ ఆన్ వీల్స్ అంటారు. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు అడవిలోకి కూడా తాత్కాలిక టవర్లు వెళతాయి. పాతబస్తీ ఊరేగింపులకైతే ఏ రోజు, ఏ గంటకు, ఏ రోడ్డు మీద జనం ఉంటారో ముందే తెలుసు. పోలీసులు ట్రాఫిక్ మళ్లింపులు ప్రకటిస్తారు, పత్రికల్లో అచ్చవుతాయి. ఇంజినీర్లు దీన్ని ఊహించి కనుక్కోనక్కర్లేదు, పేపరు చదివితే చాలు. అయినా ఫలానా పండక్కి ఫలానా చోట అదనపు టవర్ పెట్టాం అని కస్టమర్‌కు చెప్పే అలవాటు కంపెనీల్లో కనపడదు. పండగ శుభాకాంక్షల ఎస్ఎంఎస్ మాత్రం తప్పకుండా వస్తుంది.

అదీ ఎందుకు వస్తుందో తెలుసా? ఎస్ఎంఎస్ డేటా దారిలో పోదు. నెట్‌వర్క్ తన సొంత సంకేతాల కోసం ఉంచుకున్న దారిలో పోతుంది. వాట్సాప్ కదలని రద్దీలో కూడా ఎస్ఎంఎస్ చాలాసార్లు చేరిపోవడానికి కారణం అదే. ఊరేగింపులో పిల్లాడు తప్పిపోతే వీడియో కాల్ కోసం కుస్తీ పట్టకుండా "మదీనా చౌరస్తా దగ్గర ఉన్నా" అని మెసేజ్ కొట్టండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. ఇక మీ కంపెనీ సిగ్నల్ అసలు దొరకని చోట కూడా 112కు చేసే కాల్‌ను ఫోన్ అందుబాటులో ఉన్న ఏ కంపెనీ నెట్‌వర్క్ మీదైనా పంపడానికి ప్రయత్నిస్తుంది.

గోడలు, మేడలు, తీగలు

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన కట్టడాల్లో పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస ఒకటి. దాని వెనక గల్లీల్లో మందపాటి సున్నపు గోడల పాత ఇళ్లున్నాయి, వాటిని ఆనుకుని మధ్యమధ్య కాంక్రీటు అంతస్తులు లేచాయి. రేడియో తరంగాలకు ఇవన్నీ అడ్డమే, అయితే అన్ని తరంగాలకూ సమానంగా కాదు. 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడల్లోంచి కొంత మెరుగ్గా దూరతాయి, కానీ వాటిలో కంపెనీల దగ్గర ఉన్న వెడల్పు తక్కువ. 5జీకి వేగం తెచ్చిపెట్టేది 3,300 మెగాహెర్ట్జ్ పైన ఉన్న వెడల్పాటి పట్టీ. 2022 వేలంలో జియో, ఎయిర్‌టెల్ దేశమంతటా కొన్న ఆ పట్టీ రాతి గోడ ముందు నీరసపడుతుంది. అందుకే అరుగు మీద కూర్చుంటే 5జీ, లోపలి గదిలోకి వెళితే రద్దీగా ఉన్న 4జీ.

మరో టవర్ పెడితే సరిపోదా? చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాలు నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. నగరంలో అత్యంత రద్దీ ఉండే జాగాకూ ఆ నిషేధ వలయానికీ కేంద్రం ఒకటే. ఈ విషయంలో నేను పురావస్తు శాఖ పక్షమే. చార్మినార్ ఫోటో వెనక ఇనుప స్తంభం కనిపించే రోజు మనకొద్దు. చిన్న చిన్న యాంటెన్నాలను వీధి దీపాల స్తంభాలకు, పాత భవనాల మీదికి ఎక్కించే పద్ధతులున్నాయి. పని పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, కంపెనీలకు ఇష్టం తగ్గుతుంది.

జనం పాత్ర కూడా కొంత ఉంది, అది దాచలేం. నెట్ రావడం లేదని అరిచే బస్తీలోనే మేడ మీద టవర్ పెడతామంటే రేడియేషన్ అంటూ గొడవ మొదలవుతుంది. టవర్ల రేడియేషన్ మీద మన దేశం పెట్టుకున్న పరిమితి అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్ఐఆర్‌పీ సూచించిన దాంట్లో పదోవంతే, 2012 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. 2017లో మొదలైన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టూ ఉన్న టవర్లు ఎవరివో, నిబంధనలకు లోబడి ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. నమ్మకం కుదరకపోతే రూ.4,000 కట్టి ఇంటి దగ్గరే కొలిపించుకోవచ్చు. ఇంకో సంగతి, టవర్ దూరంగా ఉంటే మీ చెవికి ఆనించుకున్న ఫోనే ఎక్కువ శక్తితో ప్రసారం చేయాల్సి వస్తుంది. టవర్‌ను తరిమేసి ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకున్నవాడు ఏం గెలిచాడో ఆలోచించాలి.

టవర్ అంటే వైర్లు లేని వ్యవహారం అనుకుంటాం. ఫోన్ నుంచి టవర్ దాకానే గాలిలో. అక్కడి నుంచి ఫైబర్ తీగలోనో, టవర్ నుంచి టవర్‌కు గురిపెట్టిన మైక్రోవేవ్ మీదనో సమాచారం పోవాలి. హైదరాబాద్‌లో ఆ ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాలకు వేలాడుతూ ఉంటుంది. 2025 ఆగస్టులో ఇది నగరమంతటికీ తెలిసొచ్చింది. రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ వెంటనే పాతబస్తీ వైపు బండ్లగూడలో వినాయక విగ్రహం తెస్తూ మరో ఇద్దరు యువకులు కరెంటుకు బలయ్యారు. విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కోయించడం మొదలుపెట్టింది. చాలా కాలనీల్లో ఇంటర్‌నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టుకు చేరింది. ప్రాణాల ముందు నెట్ లెక్కలోది కాదు, ఆ కత్తిరింపులో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ ఏళ్ల తరబడి ఏ కేబుల్ ఎవరిదో తెలియకుండా గుత్తులు గుత్తులుగా వేలాడనిచ్చి, ఒక్క వారంలో కోసేయడం పాలన అనిపించుకోదు. స్తంభాల మీద నల్ల తీగల చిక్కులు చూడాలంటే ఇవాళ్టికీ హుస్సేనీ ఆలం వైపు ఒకసారి నడిచి రండి.

భూమిలో వేసిన తీగలకు గండం వేరే రూపంలో వస్తుంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, శాలిబండ దారిలో రోడ్డు వెడల్పు కోసం కట్టడాలు తీసేయడం 2025లో మొదలైంది. ఇలాంటి తవ్వకాల్లో పార పడి కేబుల్ తెగకుండా తవ్వేవాళ్లు ముందే తీగల యజమానులకు చెప్పడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్ తెచ్చింది. మున్సిపల్ కాంట్రాక్టర్ల కూలీలకు ఆ పేరు చెప్పి చూడండి, ఎంతమంది విన్నారో తెలుస్తుంది.

చంచల్‌గూడ చుట్టుపక్కల వాళ్లది ఇంకో కథ. ఖైదీలు ఫోన్లు వాడకుండా సెంట్రల్ జైలులో పెట్టిన జామర్ల ప్రభావం ప్రహరీ దాటి తమ ఇళ్ల మీద పడుతోందని అక్కడి జనం ఫిర్యాదు చేస్తూ వచ్చారు. జైలు శిక్ష లేకుండానే జైలు నిబంధన వర్తించడం అంటే ఇదే. జామర్ కాకుండా సిగ్నల్ పాడుచేసే మరో వస్తువు బూస్టర్, అంటే రిపీటర్. అనుమతి లేకుండా మేడ మీద రిపీటర్ బిగించడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ చెబుతూనే ఉంది. నాసిరకం బూస్టర్ టవర్ వైపు అర్థంలేని గోల పంపుతుంది. పెట్టుకున్నవాడికి గీతలు పెరుగుతాయి, చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ నెట్ తగ్గుతుంది. గల్లీలో హఠాత్తుగా అందరికీ నెట్ పడిపోయి, ఒక్క ఇంట్లో మాత్రం బ్రహ్మాండంగా వస్తుంటే ఆ మేడ వైపు ఒకసారి తల ఎత్తి చూడండి.

5జీ ముద్ర వెనక

ఎయిర్‌టెల్ 2022 అక్టోబర్‌లో 5జీ మొదలుపెట్టిన తొలి ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది. జియో 5జీ ఇక్కడికి 2022 నవంబర్ 10న వచ్చింది. మొదట్లో ఇద్దరూ పరిమితి లేని 5జీ డేటాను ఉదారంగా ఇచ్చారు. 2024 జులై 3న ధరలు పెంచినప్పుడు ఆ వసతిని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే పరిమితం చేశారు. రోజుకు ఒకటిన్నర జీబీ వేయించుకునేవాడి చేతిలో 5జీ ఫోన్ ఉన్నా అతని వాడకం కోటాలోనే ఉండాలి. ఇక 4జీ ఫోన్ ఉన్నవాడికి ఆ ప్రసక్తే లేదు. అంటే చవక ఫోన్లు, చవక రీచార్జీలు ఎక్కువగా ఉన్న బస్తీల భారం ఇంకా 4జీ మీదే. ఖాళీగా ఉన్న విశాలమైన రోడ్డు డబ్బున్నవాడికి, కిక్కిరిసిన గల్లీ మిగతావాళ్లకి. దీన్ని కంపెనీలు వ్యాపారం అంటాయి, కాదనలేం. కానీ 5జీ వచ్చింది కాబట్టి పాతబస్తీ రద్దీ తీరిపోయిందని ప్రకటనల్లో సూచించడం మాత్రం నిజం కాదు.

పైగా 5జీ ముద్రలన్నీ ఒకటి కావు. జియోది పూర్తిగా విడి 5జీ నెట్‌వర్క్. ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన పద్ధతిలో 5జీ ఫోన్ కూడా నియంత్రణ కోసం 4జీని పట్టుకునే ఉంటుంది. ఆ 4జీ పొర రద్దీలో ఉంటే తెర మీద 5జీ వెలుగుతూనే పని నిదానించవచ్చు.

వేగం లెక్కల్లో తికమక కూడా ఒకటుంది. కంపెనీలు చెప్పేది మెగాబిట్లు, ఫోన్‌లో ఫైలు చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ ఫైలు దిగుతుందని అర్థం. ఇక రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు దిగుతుంది. అది నెట్‌వర్క్ తప్పు కాదు, ప్లాన్ షరతు. తిట్టేముందు కోటా చూసుకోవడం మంచిది. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి, అంతకుముందు 512 కేబీపీఎస్ ఉన్నా చాలనేవారు. ఈ లెక్కన రంజాన్ రాత్రి చార్మినార్ కింద చాలామంది వాడుతున్నదాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనకూడదు.

డబ్బు కట్ అయింది, పెట్టె పలకలేదు

2016లో యూపీఐ వచ్చినప్పుడు నెట్ నిదానం వినోదానికి సంబంధించిన చికాకు. ఇప్పుడది గల్లా పెట్టె సమస్య. లాడ్‌బజార్‌లో కొనేవారు స్కాన్ చేస్తారు, ఖాతాలో డబ్బు తగ్గినట్టు మెసేజ్ వస్తుంది, దుకాణంలో పెట్టె మాత్రం నోరు విప్పదు. ఆ సౌండ్ బాక్స్‌లో ఉన్నది కూడా ఒక సిమ్మే అని చాలామందికి తెలియదు. మీ ఫోన్ ఇరుక్కున్న రద్దీలోనే అదీ ఇరుక్కుంటుంది. అప్పుడు కస్టమర్ తెర చూపిస్తాడు, దుకాణదారు తల అడ్డంగా ఊపుతాడు, వెనక వరుస పెరుగుతుంది. నకిలీ స్క్రీన్‌షాట్లతో మోసపోయిన అనుభవం ఉన్న వ్యాపారి తెరను నమ్మడు, ఆయన తప్పూ లేదు.

రిజర్వ్ బ్యాంక్ 2019లో దీనికి గడువు పెట్టింది. దుకాణానికి కట్టిన యూపీఐ సొమ్ము మీ ఖాతా నుంచి పోయి వ్యాపారికి చేరకపోతే లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆపైన రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. మనిషి నుంచి మనిషికి పంపిన దానికైతే గడువు ఒక్క రోజే. ఈ వంద రూపాయల సంగతి బ్యాంకులు బోర్డు కట్టి చెప్పవు, మనమే అడగాలి.

చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ వాడితే పిన్ అక్కర్లేదు, బ్యాంకు సర్వర్ రద్దీ తప్పుతుంది. 2024 డిసెంబర్‌లో దాని పరిమితిని ఒక్కో చెల్లింపుకు రూ.1,000, మొత్తం నిల్వకు రూ.5,000 చేశారు. ఫోన్‌కు నెట్ మాత్రం అప్పటికీ కావాలి. నెట్ అసలే అక్కర్లేని దారి *99#. తెలుగులోనూ పనిచేస్తుంది, ఒక లావాదేవీకి రూ.5,000 దాకా పంపొచ్చు, 2022 నుంచి దానికి చార్జీ కూడా లేదు. అన్ని సిమ్‌ల మీదా నడవదు, కాబట్టి పండగ బజారుకు వెళ్లేముందే ఇంట్లో ఒకసారి నొక్కి చూసుకోండి. నా సలహా అడిగితే ఇంకా పాతది: రంజాన్ బజారుకు జేబులో నోట్లు పెట్టుకుని వెళ్లండి.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లు పాతబస్తీలో ఎన్నో. దుబాయ్ నుంచి వాట్సాప్ వీడియో కాల్ కలవకపోతే ఇక్కడి నెట్‌ను తిట్టుకునేవాళ్లకు ఒక మాట. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌ను ఆపేశారు, మెసేజ్‌లు పోతాయి గానీ మాటలు పోవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే అక్కడివాళ్లకు దిక్కు. ఈ ఒక్క పాపం యాకుత్‌పురా టవర్‌ది కాదు.

చాయ్‌తో పాటు వైఫై

2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం వాణి పథకం కింద కిరాణా కొట్టు, చాయ్ హోటల్ ఎవరైనా లైసెన్సు, ఫీజు లేకుండా జనానికి వైఫై అమ్మొచ్చు. ఎస్టీడీ బూత్ మాదిరిగా చిన్న చిన్న ప్యాకెట్లలో డేటా అమ్మే ఏర్పాటు ఇది. పాతబస్తీకి అచ్చంగా సరిపోయే పథకం, ఎందుకంటే వైఫైకి మారిన ప్రతి ఫోనూ టవర్ మీద బరువు దించుతుంది. అడుగడుగునా ఇరానీ హోటల్ ఉన్న ఊళ్లో ఇది ఇంతవరకు ఎందుకు పుంజుకోలేదో కార్పొరేషన్, టెలికాం శాఖ కలిసి కూర్చుని ఆలోచించాల్సిన విషయం.

సగటులో కలిసిపోయిన గల్లీ

రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్ అని మీకు తెలుసా? కంపెనీల సేవా నాణ్యత సగటులు ఆ సర్కిల్ మొత్తానికి లెక్కగడతారు. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న టవర్లతో కలిపి తీసిన సగటులో సుల్తాన్‌షాహీలో రాత్రి తొమ్మిదింటికి ఏం జరుగుతోందో ఎలా కనిపిస్తుంది? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కారులో తిరుగుతూ డ్రైవ్ టెస్టులు చేస్తుంది నిజమే. కారు తిరిగే దారులు పెద్ద రోడ్లు. రెండు బైకులు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన గల్లీల్లోకి ఆ కారు రాదు. కొన్నిచోట్ల నడుస్తూ కొలవడం, రద్దీ చోట ఆగి కొలవడం కూడా మొదలైంది, అది మెచ్చుకోవాల్సిందే.

2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ కొత్త నాణ్యత నిబంధనల ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో 2జీ, 3జీ, 4జీ, 5జీలకు విడివిడిగా కవరేజ్ మ్యాపులు పెట్టాలి. మంచిదే. తెరిచి చూస్తే పాతబస్తీ మొత్తం రంగు నిండి కనిపిస్తుంది. మ్యాపు అబద్ధం చెప్పడం లేదు, అడగాల్సిన ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పడం లేదు. అదే నిబంధనల్లో జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలని ఉంది. ఆగిపోతేనే సుమా. ఏడాదిలో సగం సాయంత్రాలు నత్తనడక నడిస్తే ఏ లెక్కలోకీ రాదు. ట్రాయ్ నిజంగా కస్టమర్ పక్షం వహించదలిస్తే ఏ టవర్ ఏ గంటలో ఎంత నిండిందో కంపెనీలు బయటపెట్టేలా చేయాలి. ఆ లెక్క వాళ్ల దగ్గర క్షణక్షణం ఉంటుంది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి ఇవి. నెట్ ఆగినప్పుడు ట్రాయ్ మైస్పీడ్ యాప్‌లో కొలిచి, చోటు, సమయం రాసిపెట్టుకోండి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఊరికే కోప్పడి పెట్టేయకుండా ఫిర్యాదు నంబర్ తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీ అప్పీల్ అధికారికి ఉచితంగా అప్పీల్ చేయొచ్చు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు రాస్తే ప్రయోజనం తక్కువ, విడి ఫిర్యాదులు అది విచారించదు. టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న స్పష్టం చేసింది కాబట్టి ఆ తలుపూ తెరిచే ఉంది, జాతీయ హెల్ప్‌లైన్ 1915. కంపెనీ మారదామనుకుంటే పోర్ట్ అని మెసేజ్ 1900కు పంపేముందు పక్కింటివాళ్ల సిమ్ ఒక సాయంత్రం అడిగి తీసుకుని మీ ఇంట్లోనే పరీక్షించండి, రాత్రి ఎనిమిదికీ పదకొండుకీ మధ్య. పొద్దున పదింటికి చేసిన పరీక్ష ఎందుకూ పనికిరాదు.